ఎర్ర బోర్డు కానుగ

మాజేటి చలమయ్య చేతిలో మొదట్లో ఉన్న ఆస్తి నాలుగంటే నాలుగు. పడమటి ముఖం కొట్టు ఒకటి, దాని ముందు కానుగ చెట్టు ఒకటి, చెట్టు కింద బల్ల ఒకటి, తొందరపడని నోరు ఒకటి. కొట్లో ఉన్న కొబ్బరి తాళ్ళు, నైలాను మోకులు, టార్పాలిన్లు, బొక్కెనలు ఆయన ఆస్తి కింద జమకట్టుకునేవాడు కాదు. అవి ఇవాళ వచ్చి రేపు పోయే సరుకు. ఈ నాలుగూ ఉంటే సరుకు దానంతట అదే వస్తుంది, దానంతట అదే పోతుంది అనేవాడు.

పడమటి ముఖం కొట్టంటే చామలపేటలో ఎవరూ ముట్టుకోరు. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా వచ్చి గల్లాపెట్టె మీద కూర్చుంటుంది. అలాంటి కొట్టు ఈయన తీసుకున్నప్పుడు బజారంతా నవ్వింది. చలమయ్య కొట్టును చూసి తీసుకోలేదు, కానుగను చూసి తీసుకున్నాడు. టౌనుకొచ్చిన రైతు ముందు నీడ వెతుక్కుంటాడు, ఆ తర్వాతే కొట్టు వెతుక్కుంటాడు. కానుగ నీడలో కూర్చున్నవాడు పక్కనే మంగాయమ్మ బండి దగ్గర గోలీసోడా కొట్టిస్తాడు. సోడా తాగి ఒక్క తేన్పు తేన్చాక వాడికి లోకమంతా మంచిదైపోతుంది. ఇంతసేపు కూర్చుని ఊరికే లేస్తే బాగుండదని, "ఓ పలుపుతాడు చూపించండి షావుకారుగారూ" అంటాడు. అప్పటిదాకా చలమయ్య పెదవి కదపడు. పలుపుతాడు దగ్గర మొదలైన బేరం టార్పాలిన్ దగ్గర తేలుతుంది.

"కొట్టు నాది, బేరం చెట్టుది" అనేవాడు చలమయ్య.

కొట్టుకు ఎదురుగా, రోడ్డవతల, మున్సిపాలిటీ వారి ఖాళీ స్థలం ఉంది. అందులో ఒక నేరేడు చెట్టు ఏనాడో చచ్చింది. చచ్చిన సంగతి ఎవరూ రాసుకోకపోవడం వల్ల ఇంకా నిలబడే ఉంది. మొదలంతా చెదలు. తొర్రలో గోరింకల కాపురం. దానికి సైకిలు ఆనించడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలదు.

ఇలా ఉండగా పర్యావరణ దినోత్సవం వచ్చింది. పార్కులో చెట్ల కింద సభ పెట్టారు. చైర్మన్ గారు శాలువా సర్దుకుని లేచి, "సోదర సోదరీమణులారా, చెట్లే మన ప్రాణాలు..." అన్నారు. సరిగ్గా అప్పుడే పైనున్న కాకి గూట్లోంచి ఒక ఎండు పుడక, అగ్గిపుల్లకు పెద్దన్న అంత ఉంటుంది, జారి ఆయన నెత్తిన పడింది. జనం అది ప్రకృతిమాత ఆశీర్వాదం అనుకుని చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారు పైకి చూశారు, కిందికి చూశారు, కూర్చున్నారు. వాక్యం సగంలో ఆగిపోయింది. మిగతా సగం మర్నాడు ఉత్తర్వు రూపంలో బయటికొచ్చింది.

"పట్టణ పరిధిలో నిలబడియున్న, వాలియున్న, ఇంకనూ మొలవబోవుచున్న సమస్త వృక్షముల యజమానులు తమ తమ వృక్షముల వలన ప్రజానీకమునకు వాటిల్లగల ముప్పునకు స్వయముగా బాధ్యులు. కావున ప్రతి వృక్షమూ శాస్త్రీయ తనిఖీకి హాజరు కావలెను."

చెట్లు హాజరు కావడం కష్టమని ఎవరో గుర్తు చేయగా, అధికారే చెట్టు దగ్గరికి వెళ్ళేటట్టు సాయంత్రానికి సవరణ వేశారు.

ఆ అధికారి పేరు పరాంకుశం. నిన్నమొన్నటిదాకా దోమల విభాగం చూసేవారు. దోమలు మాట వినకపోవడంతో ఆయన్ని కదలని వాటి విభాగానికి మార్చారు. పట్నం వెళ్ళి శిక్షణ పొంది, పసుపుపచ్చ హెల్మెట్టుతో, మెడలో ఈలతో తిరిగొచ్చారు. "వృక్ష ప్రమాద అంచనా మరియు నివారణాధికారి" అన్న ఆయన హోదా చొక్కా జేబు మీద పట్టక చంక దాకా పాకింది.

ఆయన కానుగ దగ్గరికి వచ్చిన రోజు సంత. చెట్టు కింద ఇసకేస్తే రాలనంత జనం. వెనకాల ఇద్దరు సిబ్బంది ఎర్ర బోర్డులు ఒక చేత, పచ్చ బోర్డులు ఒక చేత పట్టుకుని నిలబడ్డారు. పరాంకుశం గారు చెట్టుకు వీపు పెట్టి నిలబడి, వేలు చూపిస్తూ జనాన్ని లెక్కపెట్టడం మొదలెట్టారు.

చలమయ్య కాసేపు చూసి అడిగాడు. "ఏవండీ, చెట్టుని చూడరా?"

"చెట్టును చూసి భయపడటం పాత పద్ధతి" అన్నారు పరాంకుశం గారు, లెక్క ఆపకుండానే. "ప్రమాదము అనునది రెండు అంశముల గుణకారము. ఒకటి, వృక్షము కూలు అవకాశము. రెండు, కూలినచో కింద ఉండు లక్ష్యముల సంఖ్య."

"లక్ష్యాలంటే?"

"మనుషులు. సాంకేతికంగా లక్ష్యాలు. ఇదిగో, ఈ సోడా బండి ఆవిడ పదిహేడో లక్ష్యం."

"నా పేరు మంగాయమ్మండి" అంది మంగాయమ్మ, సోడా బుడ్డి గోలీ మీద బొటనవేలు పెట్టి. "మా ఆయనక్కూడా నన్ను నెంబరెట్టి పిలిసే దయిర్నం లేదు."

సోడా కయ్యిమంది. పదిహేడో లక్ష్యాన్ని వదిలేసి ఆయన పద్దెనిమిదికి వెళ్ళిపోయారు.

"మరి కూలే అవకాశం ఎంతుందో ఎలా తెలుస్తాదండీ? తట్టి చూస్తారా?" అన్నాడు చలమయ్య.

"ఏ చెట్టు ఎప్పుడు కూలేదీ ఆ చెట్టుకే తెలియదు. మనమెవరం చెప్పడానికి? అందుచేత అన్ని చెట్లకూ సమానంగా ఒకటి వేశాం. ఒకదానికి ఎక్కువా, ఒకదానికి తక్కువా వేస్తే వివక్ష కిందికి వస్తుంది."

చలమయ్య వ్యాపారి. ఏ అంకెనైనా ఒకటితో గుణిస్తే ఏమొస్తుందో ఆయనకు వేళ్ళు మడవకుండానే తెలుసు. "అంటే, కింద మనుషులెంతమందో ప్రమాదం అంతన్నమాట."

పరాంకుశం గారు మొదటిసారి తల తిప్పి ఆయన వైపు గౌరవంగా చూశారు. "మీరు చాలా త్వరగా గ్రహించారు. శిక్షణలో మాకది ఆఖరి రోజుక్కానీ బోధపడలేదు."

బల్ల మీద కూర్చున్న రైతు అబ్బులు కలగజేసుకున్నాడు. "మరి నా ఎడ్లండీ? అయ్యీ నీడలోనే ఉన్నాయి కదా."

"ఎడ్లు పశుసంవర్ధక శాఖ పరిధి. చెట్టు వాటి మీద పడితే ఆ శాఖ చూసుకుంటుంది."

లెక్క నలభై దాటింది. ఈల మోగింది. కానుగకు ఎర్ర బోర్డు కట్టారు: "అత్యంత ప్రమాదకర వృక్షము".

తర్వాత పరాంకుశం గారు రోడ్డు దాటి నేరేడు దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఎవరూ లేరు. ఆయన చుట్టూ తిరిగి చూశారు. వెనక వైపు కూడా ఎవరూ లేరు. "సున్నా!" అన్నారు హెల్మెట్టు సర్దుకుని. "పట్టణంలో ఇదే మొదటి సున్నా." బోర్డు కట్టడానికి సిబ్బందిలో ఒకడు మొదలు మీద చెయ్యి ఆన్చాడు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. వాడు చెయ్యి బయటికి లాక్కుని, చెదలు దులుపుకుని, "సంపూర్ణ సురక్షిత వృక్షము" అన్న పచ్చ బోర్డు కట్టాడు. ఫోటో దిగుతుంటే పైనుంచి అడుగు పొడుగు బెరడు ఊడి పరాంకుశం గారి హెల్మెట్టు మీద పడింది.

"హెల్మెట్టు బాగా పనిచేస్తోంది" అన్నారాయన సంతృప్తిగా.

"ఇప్పుడు మీరు కిందున్నారు కదండీ, మరి సున్నా ఎలాగవుద్ది?" అని రోడ్డివతల నుంచి కేకేశాడు చలమయ్య.

"తనిఖీ అధికారి లెక్కకు రాడు. నీ తక్కెట్లో నిన్ను నువ్వు తూచుకుంటావా?"

తక్కెడ పేరెత్తేసరికి చలమయ్య గల్లాపెట్టె వైపు తిరిగాడు.

ఎర్ర బోర్డు వారికి మూడు దారులిచ్చారు. ఒకటి, చెట్టు కొట్టించుకోవడం. రెండు, నీడ తొలగింపు, అంటే ఆకులు దూసి కొమ్మలు నరికి ఎవరికీ కూర్చోబుద్ధి కాకుండా చెయ్యడం. మూడు, లక్ష్యాలను తరలించడం. మలి లెక్క ఉంటుంది. అప్పటికీ జనం ఉంటే మున్సిపాలిటీయే గొడ్డలి తెస్తుంది.

చలమయ్య మూడింటినీ మనసులో త్రాసులో వేసి చూశాడు. మొదటిది కొట్టుకు తాళం. రెండోది చెట్టుకు గుండు, కొట్టుకు తాళం. మూడోదే కాస్త చవక. మర్నాటి నుంచి వచ్చినవాణ్ణల్లా చేతులు జోడించి ఎండలోకి పంపడం మొదలుపెట్టాడు.

"అబ్బులూ, నా తండ్రీ, అలా రోడ్డు మీద నిలబడి మాట్లాడు."

"అదేటండి షావుకారుగోరూ, నేనేం తప్పు సేశానండి?"

"ఏం చెయ్యలేదు నాయనా. నువ్వు లక్ష్యానివి."

అబ్బులు ఎండలో నిలబడి పలుపుతాడు అడిగాడు. ఎండలో నిలబడ్డవాడు బేరమాడడు, కాళ్ళు మార్చుకుంటాడు. రెండుసార్లు కాళ్ళు మార్చుకుని, "మళ్ళీ వత్తానండి" అని వెళ్ళిపోయాడు. ఇరవయ్యేళ్ళ వ్యాపారంలో చలమయ్య నోట్లోంచి ధర రాకముందే బేరం పోవడం అదే మొదలు.

చలమయ్య ఒక్కడే కాదు, ఊళ్ళో ఎర్ర బోర్డు పడిన ప్రతివాడూ మూడో దారే పట్టాడు. అయితే తోలేసిన జనం ఆవిరైపోరు కదా. కానుగ కింది నుంచి లేచినవాళ్ళు వెళ్ళి డాక్టరుగారి వేప కింద కూర్చున్నారు. దానికి ఎర్ర బోర్డు పడింది. డాక్టరుగారు తోలేస్తే రైస్ మిల్లు బాదం కిందికి వెళ్ళారు. దానికీ పడింది. పరాంకుశం గారు ఈల ఊదుకుంటూ జనం వెనక, జనం నీడ వెనక, ఊరంతా ప్రదక్షిణం చేశారు. ఆ ఊపు చూసినవాళ్ళు, దోమల మీద కోపమంతా మా మీద తీర్చుకుంటున్నాడ్రా అనుకున్నారు.

చెట్లున్న ఆసాములు తమ చెట్లను తామే తిట్టుకోసాగారు. ఒకాయన "ఈ చెట్టు నీడ ఒంటికి పడదు" అని బోర్డు రాయించాడు. ఇంకొకాయన తన మామిడి చెట్టుకు గొంగళిపురుగులు పట్టాయని టముకు వేయించాడు. వకీలుగారు తన పనస చెట్టు కింద రోజూ సాయంత్రం స్వయంగా పాటలు పాడటం మొదలెట్టారు. ఆయన చెట్టుకు వారం తిరక్కుండా పచ్చ బోర్డు వచ్చింది.

ఆ వకీలుగారికీ పక్కింటి కంట్రాక్టరుకూ గోడ తగాదా ఉంది. కంట్రాక్టరు తన మేనకోడలి పెళ్ళివారిని రెండు వ్యాన్లలో దింపి, భోజనాల బంతి తిన్నగా వకీలుగారి పనస కింద వేయించాడు. పాట మొదలయ్యేలోపే లెక్క పూర్తయింది. పచ్చ బోర్డు ఎర్ర బోర్డయింది. ఈ కిటుకు తెలియగానే ఊళ్ళో పాత పగలన్నీ పనికొచ్చాయి. కడుపునిండా భోజనం పెట్టి ఎవరి చెట్టు కింద కూర్చోమంటే అక్కడ కూర్చునే ముఠాలు తయారయ్యాయి. గొడుగు కూడా చెట్టు లెక్కలోకి వస్తుందా రాదా అని పరాంకుశం గారు పై అధికారులకు రాశారు. పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. అప్పటిదాకా గొడుగు కింద ఇద్దరు నడవకూడదన్నారు.

ఇదంతా ఇలా ఉండగా ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. పల్లెల నుంచి టౌనుకొచ్చేవాళ్ళు బోర్డులు చదవడం నేర్చుకున్నారు. పచ్చ బోర్డు ఉందంటే అక్కడ మోడో, ముళ్ళో, వకీలుగారి పాటో ఉన్నట్టు. ఎర్ర బోర్డు ఉందంటే కమ్మటి నీడ ఉన్నట్టు. బస్సు దిగుతూనే, "ఎర్ర బోర్డు ఎక్కడుందండీ?" అని అడిగేవారు. అన్నిట్లోకీ పెద్ద ఎర్ర బోర్డు కానుగదే. చలమయ్య ఒకణ్ణి తోలితే ముగ్గురు వచ్చి కూర్చునేవారు.

ఇక లాభం లేదని అర్జీ పెట్టుకోవడానికి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాడు. వృక్ష యజమాని స్వయంగా వచ్చి, పిలిచేదాకా వేచి ఉండాలన్నది నిబంధన. ఊళ్ళో చెట్టున్న ప్రతి ఆసామీ అక్కడే ఉన్నాడు. అందరూ ఆఫీసు ఆవరణలో ఉన్న పెద్ద నిద్రగన్నేరు కింద తువ్వాళ్ళు పరుచుకుని కూర్చుని ఉన్నారు. మంగాయమ్మ కూడా బండి అక్కడికే తోలుకొచ్చింది.

చలమయ్య చెట్టును చూశాడు. జనాన్ని చూశాడు. బోర్డు కోసం చూశాడు. ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. తొందరపడని నోరు కాబట్టి ఒక సోడా తాగి, పరాంకుశం గారు బయటికి వచ్చేదాకా ఆగాడు.

"అయ్యా, చిన్న సందేహం. ప్రభుత్వ దృష్టిలో చెట్లన్నీ సమానమే అన్నారు కదండీ?"

"ముమ్మాటికీ."

"మరి ఈ చెట్టు లెక్క తీశారాండీ?"

పరాంకుశం గారు తలెత్తి చూశారు. ఎవరేమనుకున్నా నిబంధనకు ప్రాణమిచ్చే మనిషి. చెట్టుకు వీపు పెట్టి నిలబడి వేలు చాపారు. అర్జీదారులు, అర్జీదారుల బావమరదులు, గుమాస్తాలు, సంతకం కోసం పిల్లల్ని చంకనేసుకొచ్చిన ఆడవాళ్ళు. లెక్క రెండు వందలు దాటింది. జిల్లాలోనే ఇంత ప్రమాదకరమైన చెట్టు లేదు. అది ఆయన పైఅధికారుల నెత్తి మీదే ఉంది.

ఆ మధ్యాహ్నమే చైర్మన్ గారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది. అర్జీదారుల ప్రతినిధిగా చలమయ్యను ఒక మూల కూర్చోబెట్టారు.

"కొట్టెయ్యండి" అన్నారు చైర్మన్ గారు.

"వీలుపడదు సార్" అన్నారు పరాంకుశం గారు. "అది మంత్రివర్యులు స్వహస్తాలతో నాటిన మొక్క. కింద శిలాఫలకం ఉంది. చెట్టు కొడితే ఫలకం అబద్ధమవుతుంది."

"నీడ తీసెయ్యండి."

"మంత్రివర్యుల నీడ తీసేశారని పేపరువాళ్ళు రాస్తారు సార్."

"అయితే?"

"మిగిలింది మూడో మార్గం. లక్ష్యములను తరలించుట. ఈ చెట్టుకు ప్రధాన లక్ష్యం మన కార్యాలయమే సార్. కార్యాలయాన్నే తరలించాలి."

"ఎక్కడికయ్యా?"

పరాంకుశం గారు ఛాతీ విరిచారు. "పట్టణంలో మొట్టమొదట సున్నా ప్రమాదం నమోదైన వృక్షం ఒకటి ఉంది. స్థలం కూడా మనదే."

చలమయ్యకు కూర్చున్న కుర్చీ గుచ్చుకున్నట్టయింది. "అయ్యా, ఆ నేరేడు పుచ్చిపోయిందండి. మీ మనిషి చెయ్యే మోచేతి దాకా దిగబడిపోయింది."

"సున్నా అని నేను సంతకం పెట్టిన పత్రం ఉంది" అన్నారు పరాంకుశం గారు.

"పత్రం రాసినప్పుడు కింద ఎవరూ లేరండి. ఇప్పుడు మీరంతా వెళ్ళి కూర్చుంటే లెక్క మారిపోద్ది కదండీ."

"పత్రం ఏడాది చెల్లుతుంది. ఏడాది పొడుగునా అక్కడ ప్రమాదం సున్నా."

చైర్మన్ గారు చలమయ్య వైపు చూసి, "నీకు టార్పాలిన్ల వ్యాపారం కదూ?" అన్నారు. "పెద్ద పందిరి కావాలి. నువ్వే వెయ్యి."

కొన్నాళ్ళ కిందట అయితే ఆ మాటకు చలమయ్య లోలోపల గంతేసేవాడు. కొట్టు పెట్టాక అంత పెద్ద బేరం తగల్లేదు. ఆయన అమ్మాడు, అమ్మకం ఆయన వృత్తి. కానీ గుంజలు పాతిస్తూ, మోకులు కట్టిస్తూ, ఒక్క మోకు కూడా నేరేడుకు తగలకుండా చూసుకున్నాడు. పందిరి కింద బల్లలు, బీరువాలు, ఫ్యాన్లు, చైర్మన్ గారి తిరుగుడు కుర్చీ వచ్చి చేరాయి. వెనకాలే అర్జీదారులూ వచ్చేశారు. గోరింకలు ఒకసారి తొంగి చూసి, ఆ పూటే కాపురం ఎత్తేశాయి.

మలి లెక్క నాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. చలమయ్య కానుగ కింద పూచికపుల్ల లేకుండా ఊడ్పించాడు. బల్ల తీసి కొట్లో పెట్టాడు. పల్లెల వాళ్ళు రాకుండా ఎర్ర బోర్డు మీద గోనెసంచి కప్పాడు. మంగాయమ్మ బండిని ఎండలోకి నెట్టించాడు.

"నా మొకం సూడండి షావుకారుగోరూ, అప్పడం ఏగినట్టు ఏగిపోతంది" అంది మంగాయమ్మ.

"ఒక్క గంట ఓర్చుకో తల్లీ. ఆయన ఈల ఊదేదాకా. అప్పుడు కింద సున్నా ఉంటే మన చెట్టు మనదే."

రోడ్డవతల పందిట్లో ఆఫీసు ఆవిరి కుడుములా ఉడుకుతోంది. నేరేడు ఆకు లేని చెట్టు. టార్పాలిన్ కింద గాలి ఆడదు. గుమాస్తాలు ఫైళ్ళతో విసురుకుంటున్నారు. పరాంకుశం గారు గడియారం చేత్తో పట్టుకుని, ఈల నోట్లో పెట్టుకుని, ఖాళీ కానుగ వైపు ఆనందంగా చూస్తున్నారు. ఆయనకు చలమయ్య మీద కక్షేమీ లేదు. ఇంకో సున్నా వస్తే ఆయనకూ పండగే.

అప్పుడు పడమటి దిక్కున మబ్బు కమ్మింది. ముందుగా ఒక్క గాలి కెరటం వచ్చి రోడ్డు మీద దుమ్ము లేపి వెళ్ళింది. నేరేడు కిర్రుమంది.

చలమయ్య ఆ చప్పుడు విన్నాడు. జీవితమంతా తాళ్ళు అమ్మిన చెవి అది. తెగబోయే ముందు మోకు ఎలా మూలుగుతుందో దానికి తెలుసు. పరుగున రోడ్డు దాటాడు. "అయ్యా, లేవండి! పడిపోద్ది!"

"సంపూర్ణ సురక్షితం" అన్నారు పరాంకుశం గారు ఈల తీసి. మళ్ళీ పెట్టుకున్నారు. గుమాస్తాలెవరూ తలెత్తలేదు. అర్జీదారులు, లేస్తే వరస పోతుందని బిగుసుకు కూర్చున్నారు.

చలమయ్య రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఇటు తన కానుగ. కింద ఒక్క పురుగు లేదు. ఈల మోగడానికి కొద్ది నిమిషాలే ఉన్నాయి. అటు ఊరంత జనం. వాళ్ళు ఇటొస్తే వాళ్ళు మిగులుతారు, కానుగ పోతుంది. రాకపోతే కానుగ మిగులుతుంది. ఇంతకంటే తేలిక లెక్క ఆయన ఎప్పుడూ వెయ్యలేదు, ఇంతకంటే నష్టమైన బేరమూ ఎప్పుడూ కుదుర్చుకోలేదు. గొంతు చించుకుని అరిచాడు.

"మంగాయమ్మా! బండి నీడలోకి నెట్టు! ఇవాళ అందరికీ సోడా ఊరికే! ఖర్చు నాది!"

మంగాయమ్మ నోరు తెరిచింది. "ఎవరికండీ?"

"అందరికీ!"

గోలీసోడాకు ఒక కట్టుబాటుంది. సీసా బండి దాటి పోదు. తాగేవాడే బండి దగ్గరికి వచ్చి, నిలబడి తాగి, ఖాళీ సీసా చేతికిచ్చి పోవాలి. చైర్మనైనా అంతే. ముందు బంట్రోతులు లేచారు. వాళ్ళ వెనక గుమాస్తాలు. గుమాస్తాలు లేచాక అర్జీదారులకు వరసతో పనేముంది? ఆడవాళ్ళు, పిల్లలు, ముసలాళ్ళు, భోజనానికి కూర్చునే ముఠాలవాళ్ళు, వకీలుగారు, కంట్రాక్టరు. చివరికి చైర్మన్ గారు శాలువాతో చెమట తుడుచుకుంటూ, "నిమ్మకాయ సోడా ఉందా?" అని రోడ్డు దాటారు. పరాంకుశం గారు ఒక్కరే పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డారు. ఆయనకు కానుగ కింద అంత జనం కనిపించేసరికి లెక్క తీయకుండా ఉండలేకపోయారు. వేలు చాపుకుంటూ ఆయనా వచ్చేశారు.

ఈల మోగింది. వెనకే గాలి వచ్చింది. నేరేడు మర్యాదగా ఒకసారి వంగి, పందిరి మీద, బీరువాల మీద, తిరుగుడు కుర్చీ మీద నిలువునా పడుకుంది.

దుమ్ము అణిగింది. ఎవరి చేతిలోనో సీసాలో గోలీ టింగుమంది. పచ్చ బోర్డు మాత్రం చెక్కు చెదరకుండా, చితికిన బల్లల మీద వెల్లకిలా పడి, "సంపూర్ణ సురక్షిత వృక్షము" అని ఆకాశానికి చెబుతోంది.

అందరికంటే ముందు తేరుకున్నది పరాంకుశం గారే. "చూశారా సార్! కింద ఎంతమంది? సున్నా! పడినా సరే, పత్రం అబద్ధమాడలేదు!" ఆ తర్వాత కానుగ వైపు తిరిగి కాస్త బాధగా అన్నారు. "ఇక్కడ మాత్రం మూడు వందలు దాటారు. చలమయ్య గారూ, నిబంధన ప్రకారం గొడ్డలి తప్పదు."

"ఎవడి మీదయ్యా గొడ్డలి?" అంది మంగాయమ్మ, సీసా ఎత్తి.

చైర్మన్ గారు సీసా దించారు. నలిగిపోయిన తన తిరుగుడు కుర్చీని చూశారు. పైనున్న కానుగ ఆకుల్ని చూశారు. నెత్తి మీద చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నారు. పుడక కూడా లేదు.

"సోదర సోదరీమణులారా" అన్నారు, ఎవరూ అడక్కుండానే. "చెట్లే మన ప్రాణాలు కాపాడతాయి." పర్యావరణ దినోత్సవం నాడు మొదలైన వాక్యం అలా పూర్తయింది. "ఈ చెట్టు మీదే కాదు, ఊళ్ళో ఏ చెట్టు మీదా గొడ్డలి పడటానికి వీల్లేదు. దీనికి పచ్చ బోర్డు కట్టండి."

"కింద మూడు వందల మంది ఉన్నారు సార్! పచ్చకు సున్నా రావాలి!"

"ఉద్యోగులు లెక్కకు వస్తారా?"

"తనిఖీ అధికారి ఒక్కడే మినహాయింపు సార్."

"ఇవాళ్టి నుంచి ఉద్యోగులంతా మినహాయింపు. అర్జీదారులు మన కోసం వచ్చినవాళ్ళు కాబట్టి వాళ్ళూ మనలో భాగమే. ఇప్పుడు చెప్పు, కింద ఎంతమంది?"

పరాంకుశం గారు మళ్ళీ వేలు చాపారు. ఒక్కొక్కరినే దాటేస్తూ చివరిదాకా వెళ్ళారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "సున్నా సార్."

"నేనో?" అంది మంగాయమ్మ.

"మీరు ఆఫీసుకు సోడా సరఫరాదారు" అన్నారు చైర్మన్ గారు.

వారం తిరక్కుండా ఆఫీసు పాత ఆవరణకు, మంత్రివర్యుల నిద్రగన్నేరు పక్కకు తిరిగి వెళ్ళిపోయింది. పరాంకుశం గారిని వీధి దీపాల విభాగానికి మార్చారు. వెళ్ళేముందు ఆఖరి విధిగా పచ్చ బోర్డు చంకన పెట్టుకుని కానుగ దగ్గరికి వచ్చారు. అప్పటికి బల్ల మళ్ళీ చెట్టు కిందికి చేరింది. గోనెసంచి తీసేసిన ఎర్ర బోర్డు కింద జనం కిటకిటలాడుతున్నారు. అబ్బులు సోడా తాగి, అప్పుడే పలుపుతాడు దగ్గర బేరం మొదలుపెట్టాడు.

పరాంకుశం గారు ఎర్ర బోర్డు విప్పబోయారు. చలమయ్య బేరం ఆపేసి, బేరం మధ్యలో మొదటిసారి తొందరపడి, గల్లాపెట్టె దగ్గర్నించి ఒక్క గెంతులో వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అది ముట్టుకోకండి బాబూ! ఎక్కడెక్కడి నుంచో దాన్ని చూసుకునే వస్తన్నారు."

"ఇది ప్రమాద హెచ్చరిక అండీ! ఇదిగో మీకు సంపూర్ణ సురక్షితం వచ్చింది. ప్రభుత్వ గౌరవం!"

"ఆ పచ్చది కడితే నా చెట్టు చచ్చిందనుకుంటారండి."

పరాంకుశం గారు బోర్డు వైపు చూశారు, జనం వైపు చూశారు. అలవాటు చొప్పున వేలు లేచింది, మళ్ళీ దిగింది. పచ్చ బోర్డు బల్ల మీద పెట్టి, హెల్మెట్టు తీసి, నీడలో కూర్చున్నారు. మంగాయమ్మ ఆయనకు సోడా కొట్టింది. తాగి ఒక్క తేన్పు తేన్చాక, ఊరికే లేవడం బాగుండదనిపించిందేమో, వీధి దీపాల నిచ్చెనకు కట్టుకోవడానికి ఓ తాడు చూపించమన్నారు.

ఆయన వెళ్ళాక చలమయ్య మనసులో లెక్క చూసుకున్నాడు. మొదట్లో చేతిలో ఉన్నవి నాలుగు. పోయినవి ఏమీ లేవు. పడమటి ముఖం కొట్టు ఉంది, కానుగ ఉంది, బల్ల ఉంది, నోరు ఒక్కసారి తొందరపడినా మళ్ళీ దారికొచ్చింది. కొత్తగా వచ్చినవి రెండు. పచ్చ బోర్డు కొట్లో మోకుల కిందికి చెమ్మ తగలకుండా వేసుకున్నాడు. ఎర్ర బోర్డు మాత్రం ఏటేటా వెలిసిపోకుండా తనే దగ్గరుండి రంగు వేయించుకుంటున్నాడు.